ఎండు కొబ్బరితో గోదారి దాటిన రోజు

మా ఆయన పొగపడవలో పొయ్యి చూసేవారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవల తవ్వకం కోనసీమలోకి దిగుతున్న రోజులవి. పని జరిగే చోట్లకు మనుషుల్ని, సామాన్ని చేరవేయడానికి దొరలు ఒక చిన్న పొగపడవ తెప్పించారు. రెండు పక్కలా నీటిని తన్నే చక్రాలు, నడుమ ఇనుప బాయిలరు, దాని నెత్తిన పొడుగాటి పొగగొట్టం. సీమబొగ్గు ఇంత లోపలికి వచ్చేది కాదు, అందుకని కట్టెలే కాల్చేవారు. బయలుదేరేటప్పుడు ఎన్ని కట్టెలు ఎక్కించాలి, దారిలో ఏ కట్టెల అడితిలో మళ్లీ ఎక్కించుకోవాలి, ఎక్కడ మంట పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, ఇదంతా మా ఆయనే చూసుకునేవారు. చుక్కాని పట్టేది ఆయన మేనమామ. పెద్దవాడు, కోరంగి ఓడల మీద సముద్రం చూసి వచ్చినవాడు. ఆయన్ని ఊరంతా సరంగుగారు అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని.

నాది రాజోలు. మా నాన్నకు రేవులో ఒక పడవ ఉండేది. సరుకు వేసుకుని నరసాపురం వెళ్లినప్పుడల్లా నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. అక్కడ ఒక దొరసాని తన ఇంటి అరుగు మీద ఆడపిల్లలకు అక్షరాలు చెప్పేది. నన్ను ఆమె దగ్గర కూర్చోబెట్టి నాన్న తన పని చూసుకునేవాడు. అలా నేర్చుకున్న అక్షరాలతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

పెళ్లయి ధవళేశ్వరం వెళ్లిన కొత్తలో మా ఆయనతో వేగడం నాకు కష్టంగా ఉండేది. కోపిష్టి కాదు, తాగుడు లేదు. కానీ ఒకచోట కుదురుగా ఉండేవారు కాదు. అన్నం తింటూ తింటూ లేచి, ఎడం చేత్తో తలుపు తోసి, ఏటి వైపు చూసి వచ్చి మళ్లీ కూర్చునేవారు. నీళ్లు పెరిగాయా, తీశాయా, గాలి ఎటు తిరిగింది. ఎదురుగాలి వీస్తే కట్టెలు ఎక్కువ పడతాయి. ఇసుక తిప్పలు తేలితే చుట్టు తిరిగి వెళ్లాలి, అప్పుడూ ఎక్కువే పడతాయి. పోనీ మొదటే నాలుగు ఎక్కువ వేసుకుంటే సరిపోదా అని ఒకసారి అడిగాను.

"ఎక్కువేస్తే పడవ నీట్లోకి దిగుతాది. దిగిన పడవని నడపడానికి ఇంకొన్ని కట్టెలు కావాలి. ఆ కట్టెల బరువుకి మళ్లీ ఇంకొన్ని. తక్కువేస్తే ఏటి మధ్యలో ఆగిపోతాం. ఈ రెంటికీ నడుమ ఉండాలి. ఆ నడుమన్నది రోజూ ఒకేచోట ఉండదు."

ఇంట్లో నా పొయ్యి దగ్గరకు వచ్చినా అదే ధోరణి. మూలన పేర్చిన పుల్లలు చూసి, "ఇవి సంత రోజు దాకా వస్తాయా?" అనేవారు.

"రాకపోతే కొబ్బరి మట్టలు ఏరుకొస్తానండి."

"ఏరుకోడానికి మట్టలు లేనిచోట ఉంటే?"

చుట్టూ కొబ్బరిచెట్లు పెట్టుకుని ఈ మనిషికి ఆ ప్రశ్న ఎందుకు పుడుతుందో నాకు అర్థమయ్యేది కాదు. కొన్నాళ్లకు ఆ జబ్బు నాకూ అంటుకుంది. పొరుగింటికి వెళ్తే మాటల్లో ఉండగానే నా కళ్లు వాళ్ల పొయ్యి వైపు పోయేవి. ఈ మంట ఆ పప్పు ఉడికేదాకా నిలుస్తుందా, మధ్యలో చల్లారుతుందా అని మనసులో కొట్టుకునేది. ఆయన నీళ్ల మీద ఉన్న రోజుల్లో మరీను. గాలి కాస్త గట్టిగా వీస్తే చేతిలో పని వదిలేసి గట్టు దాకా వెళ్లి వచ్చేదాన్ని. వెళ్లి చేసేదేమీ లేదు. వెళ్లకపోతే ఇంట్లో ఊపిరాడేది కాదు.

పొగపడవలో ఆయన పద్ధతి ఒకటుండేది. బాయిలరు వెనక గోడవారన ముదురు తుమ్మ మొద్దులు ఒక వరస పేర్చి, మీద గోనెపట్టా కప్పేవారు. ఎంత అవసరం వచ్చినా దాన్ని కదిపేవారు కాదు. "అది లేదనుకోవాలి. ఉందని గుర్తుంటే చెయ్యి ఊరుకోదు" అనేవారు.

తొలి కాన్పుకు నేను రాజోలు వెళ్లాను. ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మెడ నిలిచాక, శ్రావణంలో, కాలవ తూములకు కావలసిన ఇనుప సామాను దింపడానికి పొగపడవ రాజోలు వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు నన్నూ పిల్లనీ తీసుకెళ్లడానికి మా ఆయన పైవాళ్ల అనుమతి తెచ్చుకున్నారు. అదే ప్రయాణంలో పొగపడవ వెనక ఒక పెద్ద సరుకు పడవను మోకుతో కట్టి లాక్కెళ్లాలి. అందులో ఎండు కొబ్బరి బస్తాలు. వాటితో వచ్చిన షావుకారుగారిది మామిడికుదురు పక్కన ఒక చిన్న ఊరు. పొగపడవలో బాయిలరు వేడి పిల్లకు పడదని నన్ను సరుకు పడవలో, తాటాకు గూడు కింద, ఆ బస్తాల నడుమ కూర్చోబెట్టారు.

షావుకారుగారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎక్కగానే ఒక్కో బస్తా దగ్గరికీ వెళ్లి మూతి కట్టిన ముడి తడిమి చూసుకున్నారు. కొన్నింటికి కొబ్బరి తాడు, కొన్నింటికి నార, కొన్నింటికి గుడ్డ పీలిక.

"అన్నీ ఒకలా కట్టకూడదా అండీ?" అన్నాను.

"ఇవన్నీ నావి కావమ్మా. నావి ఆ నీలం పీలికలవి మటుకే. మిగతావి మా ఊళ్లో ఒక్కో ఇంటివి. ఎవరి ముడి వాళ్లు వేసి ఇచ్చేరు. నేను చూసి చెప్పేస్తాను ఏది ఎవరిదో" అన్నారు ఆయన. తర్వాత పిల్ల వైపు చూసి, "పాలు కక్కుతాదేమో, ఆ గోనె మీద పడకుండా చూడు తల్లీ. తడి తగిలితే బూజొస్తాది" అన్నారు.

ఊళ్లో చాలా రోజులుగా వాన లేదు. ఎండ కాస్తోంది. అయినా ఆ పొద్దున్న గోదారి రంగు మారి ఉంది. ఎర్రనీరు, మీద నురగ, అక్కడక్కడా వెదురు కంపలు. ముందురోజు మా అమ్మ బట్టలుతికిన రేవుమెట్టు నీళ్లకింద ఎక్కడుందో తెలియలేదు.

"పైన కొండల్లో కురిసినట్టుంది. రేపటికి ఇంకా పెరుగుతాది. వెళ్తే ఇవాళే వెళ్లాలి, లేకపోతే వరద తీసేదాకా ఇక్కడే" అన్నారు సరంగుగారు.

మా ఆయన రాజోలు అడితిలో ఎండు కట్టె అన్నది ఎంతుంటే అంతా ఎక్కించేశారు. మిగతాది పచ్చిది. కాస్త ఎగువన, ఏటి మధ్య లంకలో మరో అడితి ఉంది. దిగువకు వచ్చేటప్పుడు తామే నింపి వచ్చారు కాబట్టి అక్కడ కట్టెలకు లోటు లేదు. ఉన్నవి లంక దాకా వస్తాయి, పైన ఇంకా మిగులుతాయి. అలా అనుకునే బయలుదేరాం.

పొద్దున్నంతా నేను ఒడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. చక్రాలు నీటిని తన్నుతున్నాయి, గొట్టంలోంచి పొగ వస్తోంది, చప్పుడు చూస్తే ఎంతో జోరుగా పోతున్నట్టుంది. ఒడ్డున వంగిన కొబ్బరిచెట్టు ఒకదాన్ని గురుతు పెట్టుకున్నాను. పిల్లకు పాలిచ్చి, నిద్రపుచ్చి, తలెత్తి చూస్తే అది ఇంకా మా ఎదురుగానే ఉంది. ఏరు మమ్మల్ని వెనక్కి తోస్తోంది, పొయ్యి ముందుకు తోస్తోంది, నడుమ మేము దాదాపు నిలబడి ఉన్నాం.

మా ఆయన పొయ్యిలో కట్టె వేయడం, ఆవిరి జోరు చూపే ముల్లు చూడటం, వెనక్కి తిరిగి కట్టెల పేరుడు చూడటం. మళ్లీ కట్టె, ముల్లు, పేరుడు. మోకు అవతల నుంచి నాకు అంతా కనిపిస్తూనే ఉంది. ఒకసారి నా వైపు చూస్తున్నారనుకుని చెయ్యి ఊపాను. ఆయన చూస్తున్నది నన్ను కాదు, మా వెనక ఒడ్డును. ఎంత దూరం వచ్చామో కొలుచుకుంటున్నారు.

నా కాళ్లు నిలవలేదు. గూడు కింద వంగి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తుంటే సరుకు పడవ కళాసీ ఒకడు, "కూకోండమ్మా, పడవ ఊగుతాంది" అన్నాడు. కూర్చున్నాను. కూర్చుంటే పిల్ల లేచింది. దానికీ ఎక్కడా కుదరలేదు. భుజాన వేసుకుంటే ఒళ్లోకి కావాలి, ఒళ్లో వేసుకుంటే భుజం కావాలి.

మధ్యాహ్నానికి లంక రావలసిన చోటికి వచ్చాం. లంక లేదు.

నీటి మీద తుమ్మచెట్ల కొనలు, రెల్లు దుబ్బుల చివళ్లు వణుకుతున్నాయి. కాస్త దిగువగా, లంక తోక దగ్గర, తాటిచెట్లు సగం మునిగి తలలు మాత్రం పైకి పెట్టుకున్నాయి. అడితి ఉన్నచోట నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. తుమ్మకొమ్మల మధ్య చిక్కుకున్న మొద్దులు కొన్ని కనిపిస్తే కళాసీలు గడలతో లాగి పొగపడవలో వేశారు. ముంచి తీసిన గుడ్డల్లా నీళ్లు కారుతున్నాయి. మా ఆయన ఒకటి పొయ్యిలో పెట్టి చూశారు. బుసబుసమని ఆవిరొచ్చి ఉన్న మంట కూడా నల్లబడింది. పటకారుతో బయటికి లాగేశారు.

మాటలు వినబడటానికి మోకు కురచగా లాగి సరుకు పడవను పొగపడవ వెనక్కి ఆనించారు. చక్రాలు నెమ్మదిగా తిరుగుతూ మమ్మల్ని ఉన్నచోటే నిలబెడుతున్నాయి. ఊరికే నిలబడటానికి కూడా కట్టెలు ఖర్చవుతున్నాయన్నమాట.

"వెనక్కి పోదాం మావయ్యా. ఏరే తీసుకెళ్తాది" అన్నారు మా ఆయన.

"ఏరు తీసుకెళ్తే పడవ ఏరు చెప్పినట్టు వింటాది గానీ నేను చెప్పినట్టు వినదు. చుక్కాని పనిచెయ్యాలంటే ఏటికంటే జోరుగా నడవాలి. అప్పుడూ కట్టెలే కావాలి" అన్నారు సరంగుగారు.

"ఈ ఒడ్డునే కట్టేస్తేనో?"

"దేనికి కడతావురా? చూడు."

మాకు దగ్గరగా ఉన్నది పడమటి ఒడ్డు. అక్కడ గట్టు లేదు. నేల పెళ్లలు పెళ్లలుగా విరిగి నీట్లో పడుతోంది. ఒక చెట్టు మేం చూస్తుండగానే వేళ్లతో సహా ఒరిగిపోయింది. తూర్పున, ఏటికి అడ్డంగా చాలా దూరాన, ఎత్తయిన గట్టు, కొబ్బరితోటలు, గట్టు మీద జనం చీమల్లా కనిపిస్తున్నారు. అక్కడ ఏరు వంపు తిరుగుతుంది కాబట్టి గట్టు పక్కన నీరు మెత్తగా ఉంటుందని సరంగుగారు అన్నారు.

"అవతలికి కొట్టేస్తే ప్రాణం పడతాది. నీ కట్టెలు ఏమంటాయి?"

మా ఆయన పేరుడు చూశారు, నీళ్లు చూశారు. తర్వాత నన్నూ పిల్లనీ చూశారు. ఈసారి నిజంగా మమ్మల్నే చూశారు.

"గోనెపట్టా కింద ఉన్నవి కలిపితే చేరతాం" అన్నారు.

"ఆయ్. పద అయితే."

ఇందులో ఎవరి తెలివికీ లోటు లేదు. ఆ రోజుకీ ఈ రోజుకీ ఎన్నిసార్లు తిరగేసి ఆలోచించినా ఇంకో దారి నాకు కనిపించలేదు. మేం బయలుదేరినప్పుడు ఏరు ఖాళీగానే ఉంది. నడి ఏటికి వచ్చేసరికి ఎగువ నుంచి ఒక మహావృక్షం అడ్డంగా కొట్టుకొస్తోంది. దాని కొమ్మల మీద పాములు చుట్టుకుని ఉన్నాయి. సరంగుగారు పడవ ముక్కు ఎగువకు తిప్పి అది దాటేదాకా ఆపారు. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఒక పాక కప్పు విడవకుండా తేలి వస్తోంది. అవన్నీ దాటేదాకా ఉన్నచోటే నిలబడి కట్టెలు తగలేసుకున్నాం.

అప్పుడు మా ఆయన గోనెపట్టా తీశారు. పెళ్లయిన నాటి నుంచీ వింటున్నానే గాని ఆ వరస కళ్లతో చూడటం అదే మొదలు. మొద్దులు నున్నగా, నల్లగా, ఒకే పొడుగున ఉన్నాయి. ఒక్కొక్కటే లోపలికి పోయాయి. చక్రాల చప్పుడు మళ్లీ గట్టిగా వచ్చింది. తూర్పు గట్టు మీది జనానికి తలలు, చేతులు కనిపించసాగాయి. అంతలో ఆ వరసా అయిపోయింది.

చక్రాల చప్పుడు అంత తొందరగా తగ్గుతుందని నాకు తెలియదు. ముందు దెబ్బకీ దెబ్బకీ నడుమ కాస్త ఎడం వచ్చింది. తర్వాత ఆ ఎడంలో నీటి హోరు వినబడింది. ముక్కు దిగువకు తిరగడం మొదలెట్టింది. దిగువన లంక తోక, ఆ మునిగిన తాటిచెట్ల తలలు. పొగపడవ ఇనుము, తట్టుకుంటుందేమో. మా సరుకు పడవ చెక్క. ఆ చెట్లకు కొట్టుకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. కళాసీలు లంగరు వేశారు, అది పట్టు దొరకక అడుగున ఈడ్చుకుంటూ వస్తోంది.

మా ఆయన పొగపడవలోని బల్ల విరగ్గొట్టారు. పనిముట్ల పెట్టె మూత, పందిరి గుంజలు, ఒక తెడ్డు, అన్నీ పొయ్యిలోకి పోయాయి.

"పడవలో కట్టె ఏముంది?" అని మా వైపు తిరిగి అడిగారు.

కళాసీలు వెదురు గడలు, అడుగున పరిచిన చెక్కలు అందించారు. తాటాకు గూడు పీకి ఇచ్చారు. అది భగ్గుమని ఒక్క క్షణంలో అయిపోయింది. గూడు పోయాక ఎండ నెత్తిన పడి పిల్ల ఏడుపు లంకించుకుంది. దాన్ని కొంగుతో కప్పుతూ బస్తాకు జారగిలబడ్డాను. వీపుకు గోనెలోంచి కొబ్బరి చిప్పల అంచులు గుచ్చుకున్నాయి.

"షావుకారుగారూ, ఎండు కొబ్బరి మండుతాదండి" అన్నాను.

"తెలుసమ్మా. ఇందాకటి నుంచీ అదే అనుకుంటున్నాను" అన్నారు ఆయన. ఒక చెయ్యి బస్తా మీదే ఉంది. "అన్నీ నావైతే ఈపాటికి ఇచ్చేద్దును."

ఆయన దిగువకు చూశారు, తాటి తలలు ఎంత దగ్గరపడ్డాయో. తర్వాత పిల్ల వైపు చూసి మొహం తిప్పేసుకున్నారు. ఆయన కాదంటే నేను ఏం చేసి ఉండేదాన్నో చెప్పలేను. నా వేళ్లు అప్పటికే పక్కనున్న ముడి మీద ఉన్నాయన్నది మాత్రం నిజం.

"ముందు నీలం పీలికలవి తియ్యండి" అన్నారు ఆయన కళాసీలతో.

మొదటి బస్తాలోవి దోసిళ్లతో అందించారు. మా ఆయన ఒక్కసారిగా గంపెడు వేసేశారు కాబోలు, పొయ్యి నోట్లోంచి మంట బయటికి కొట్టింది. కనుబొమ్మలు, ముందు జుట్టు చుర్రుమని కాలిపోయాయి. గొట్టంలోంచి నల్లటి పొగ, దాని చివర మంట. కరిగిన నూనె కింది ఇనుప కమ్మీల సందుల్లోంచి కారి బూడిద గుంటలో కూడా మండుతోంది. ఆయన వెనక్కి తగ్గి మొహం తుడుచుకుని, ఈసారి పిడికెడే వేశారు. దాని మీద లంక దగ్గర తీసిన తడి మొద్దు ఒకటి పెట్టారు. మళ్లీ పిడికెడు, మళ్లీ మొద్దు. కొబ్బరి మంటకు మొద్దు బుసకొట్టి, ఎండి, అంటుకుంది. ఆవిరి ముల్లు కదిలింది.

వాసన చెప్పాలి. ఏటి మీద పెళ్లివారు పిండివంటలు చేస్తున్నట్టుంది. వరద నీటి బురదవాసన, చచ్చిన పశువుల వాసన, వాటి మీద ఈ కమ్మటి వేపుడు వాసన. జిడ్డు మసి రేకులు రేకులుగా రాలి పిల్ల బుగ్గల మీద అంటుకుంటే తుడుస్తూ కూర్చున్నాను. తుడిచినకొద్దీ పాకింది.

నీలం పీలికల బస్తాలు అయిపోయాయి. ముక్కు ఎగువకు తిరిగింది గానీ గట్టు ఇంకా దూరమే. కళాసీ ఆగి షావుకారుగారి వైపు చూశాడు.

ఆయన లేచి తనే మిగతా బస్తాల దగ్గరికి వచ్చారు. ముడి తడిమి, "ఇది కుమ్మరివాళ్లది" అని అందించారు. "ఇది కాపు పెద్దాయనది." "ఇది ఏటి పక్క ఇల్లు." "ఇది కరణంగారిది, కింద పెట్టిన దానితో కలిపి రెండు." ఎవరికి చెబుతున్నారో తెలియదు. ప్రతి ముడినీ తనే విప్పారు, కళాసీల్ని కొయ్యనివ్వలేదు. నార ముడి ఒకటి బిగిసిపోయి రాలేదు. పళ్లతో లాగి విప్పారు. "ఇది మా పిన్నిది" అన్నారు.

చక్రాల చప్పుడులో ఎడం పోయింది. ఏరు మమ్మల్ని కిందికి ఈడ్చుకుపోతూనే ఉంది గానీ మేం అడ్డంగా కూడా జరుగుతున్నాం. తాటి తలలు మా ఎడం పక్కగా, మనిషి గొంతు వినబడేంత దూరంలో వెళ్లిపోయాయి. వాటిలో ఒకదాని మీద కొంగ ఒకటి కూర్చుని ఉంది. ఆ తర్వాత నీరు మెత్తబడింది. సరంగుగారు చెప్పినట్టే, వంపులో ఏరు అలసిపోయినట్టు ఉంది. గట్టు మీదివాళ్లు మోకు అందుకుని కొబ్బరిచెట్లకు చుట్టారు.

ఒక ఆడమనిషి నీళ్లలోకి దిగి నా చేతుల్లోంచి పిల్లను అందుకుంది. దాని మొహం చూసి, "ఇదేంటమ్మా, పిల్లకి ఆముదం మసి పెట్టేరా?" అంది.

గట్టు మీద అందరం కూలబడ్డాం, మా ఆయన తప్ప. ఆయన చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. అలాగే గట్టు మీద అటూ ఇటూ నడుస్తున్నారు.

"కాసేపు కూర్చోండి" అన్నాను.

"ఈ ఊళ్లో ఎండు కట్టె ఎవరి దగ్గరుంటాదో కనుక్కొస్తాను" అని వెళ్లిపోయారు. పొయ్యిలో మంట చల్లారకముందే.

ఆ తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కొబ్బరి మంటకు పొయ్యి కమ్మీలు మైనంలా వంగిపోయాయి. బాగుచేయడానికి చాలా రోజులు పట్టింది. దొర పిలిచి అడిగితే మా ఆయన జరిగింది జరిగినట్టు చెప్పారు. దొర విని, లంకల్లో అడితులు ఎత్తేయించి గట్టుల మీద పెట్టించారు. మా ఆయన ఆ పని మానలేదు. గోనెపట్టా కింద వరస రెండు వరసలైంది. ఆ రెండో వరస బరువుకు కావలసిన కట్టెల సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. సరంగుగారు వేళాకోళం చేసినా తగ్గించలేదు.

వరద తీశాక షావుకారుగారు తన ఊరు బయలుదేరారు. ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పుకోవాలి. "నేనూ వస్తానండి. పొయ్యిలో వేసింది నేను కదా" అన్నారు మా ఆయన. "ఎందుకులే నాయనా, ఇచ్చింది నేను" అని షావుకారుగారు ఎంత చెప్పినా మా ఆయన వినలేదు. పొగపడవ కదిలే స్థితిలో లేదు, మేం వేరే పడవలో రాజోలు మా పుట్టింటికే తిరిగి వచ్చి ఉన్నాం, నన్ను వదిలి మా ఆయన వెళ్తే నాకు మనసు నిలవదు. పిల్లను ఎత్తుకుని నేనూ వెంట వెళ్లాను.

ఊరు బురదమయంగా ఉంది. ఒక్కో వాకిట్లో నిలబడి షావుకారుగారు తలవంచుకుని చెప్పేవారు, పక్కన మా ఆయన కట్టు కట్టిన చేతులతో నిలబడేవారు. కుమ్మరాయన విని, "మనుషులు మిగిలేరు కదండీ" అని లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కాపు పెద్దాయన మాత్రం చాలాసేపు మాట్లాడారు. మీ ప్రాణాలకు మా సరుకేనా దొరికింది, నన్నడిగేరా అన్నారు. అడగడానికి ఆయన ఆ పడవలో లేరని ఎవరూ అనలేదు. ఆయన మాటలో న్యాయం లేదనలేను. ఏటి పక్క ఇంట్లో ఎవరూ లేరు, ఇల్లే సగం లేదు.

షావుకారుగారి పిన్ని ఊరి చివర ఉండేది. ముసలావిడ, ఒంటరిది. చూరు కింద చాప మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. షావుకారుగారు చెప్పడం పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

"మండిందా బాగా?" అని అడిగింది మా ఆయన్ని.

"మండిందండి."

"మండక ఏం చేస్తాది. వాన చుక్క తగలనివ్వలేదు దానికి. మబ్బేస్తే సగం అన్నంలో లేచి లోపలికి మోసుకొచ్చేదాన్ని." మరో ఈనె తీసుకుంది. "నాది ముందేసేరా, ఆఖర్నా?"

"ఆఖరి వాటిల్లోనే పిన్నీ" అన్నారు షావుకారుగారు.

"ఆ ముడి నేను గట్టిగా వేస్తాను. కోసేసేరా?"

"విప్పేనే."

ఆవిడ తలూపింది. తర్వాత నన్ను చూసి, "వాసనెలాగ వచ్చిందే అమ్మాయ్?" అంది.

పెళ్లివంటల వాసన అని చెప్పాను. ఆవిడ చేతిలో ఈనె పక్కన పెట్టింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

"ఈ ఏడు నూనెకి ఏం చెయ్యాలో చూసుకోవాలి మరి" అంది. మమ్మల్ని అన్న మాట కాదు, తనకు తాను చెప్పుకున్న మాట. షావుకారుగారు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, "తర్వాత మాటాడదాం. ముందు ఆ పిల్లని ఇలా ఇయ్యి, తడి నేల మీద ఎంతసేపు నిలబడతావు" అని నన్ను కూర్చోమంది.

మజ్జిగ ఇచ్చింది. మా ఆయన నిలబడే తాగారు. ముంత కింద పెట్టి ఆకాశం వైపు చూశారు. ఈశాన్యాన మబ్బు పడుతోంది. వెళ్లవలసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లను భుజాన వేసుకుని లేచాను.